క్యాంపర్ వ్యానులో అర్ధరాత్రి ఆగిపోతున్న ఫ్రిజ్: బ్యాటరీ మార్చే ముందు ఏమేమి కొలవాలి

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. పాత ఫోర్స్ ట్రావెలర్ కొని విజయవాడలో క్యాంపర్‌గా మార్పించుకున్నారు. వెనుక మంచం కింద 50 లీటర్ల 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్, డ్రైవరు సీటు వెనుక ఇళ్లలో ఇన్వర్టరుకు వాడే 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే ఎన్ని ఆంపియర్లు ఎన్ని గంటలు ఇవ్వగలదో చెప్పే కొలత) ట్యూబ్యులర్ బ్యాటరీ, దానికీ ఇంజిను బ్యాటరీకీ మధ్య రెండింటినీ కలిపి విడదీసే స్విచ్చులాంటి ఒక రిలే ఉన్నాయి. సాయంత్రం బండి ఆపేటప్పుడు ప్యానెల్ మీద 12.6 చూపిస్తున్నా, రాత్రి పదకొండు పన్నెండు అయ్యేసరికి ఫ్రిజ్ ఆగిపోయి ఎర్రలైటు మినుకుమంటోంది. కొన్ని రోజులు తెల్లవారి సెల్ఫ్ కొడితే ఇంజిను కూడా అందుకోవడం లేదు. వైరింగ్ చేసినవారు 200 ఏహెచ్ బ్యాటరీ వేయించమంటున్నారు, వేయించాలా అని మీరు అడిగారు.

ఇప్పుడే వేయించకండి. మీరు ఒకటే అనుకుంటున్న సమస్యలో రెండు వేర్వేరు లోపాలు కలిసి ఉన్నాయి. ఫ్రిజ్ ఆగిపోవడానికి కారణం దాదాపుగా బ్యాటరీ నుంచి ఫ్రిజ్ వరకు వెళ్లిన సన్నని వైరు. ఉదయం సెల్ఫ్ అందుకోకపోవడానికి కారణం, ఇంజిను ఆపిన తరువాత కూడా రెండు బ్యాటరీలూ విడిపోకుండా కలిసే ఉండటం. ఈ రెండింటిలో ఏ ఒక్కటీ పెద్ద బ్యాటరీ వేసినంత మాత్రాన పోదు. కొత్త బ్యాటరీ వేసిన మొదటి వారం నయమైనట్టు కనిపించి, ఆ తరువాత మళ్లీ మొదటికే వస్తుంది.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో చిన్న లెక్కతో చూపిస్తాను. ఈ పరిమాణపు కంప్రెసర్ ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు సుమారు 4 ఆంపియర్లు తీసుకుంటుంది, అది కూడా నిరంతరంగా కాదు, చల్లబడగానే ఆగి మళ్లీ మొదలవుతుంది. సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి వరకు అసలు ఆగకుండా తిరిగిందనుకున్నా 24 ఏహెచ్ దాటదు. 150 ఏహెచ్ బ్యాటరీలో అది ఆరో వంతు కూడా కాదు. కాబట్టి అర్ధరాత్రికి మీ బ్యాటరీ ఖాళీ అయి ఫ్రిజ్ ఆగిందంటే, ఆ బ్యాటరీ సాయంత్రానికే నిండుగా లేదన్నా అయి ఉండాలి, లేదా అది ఖాళీ కాకుండానే ఫ్రిజ్ ఖాళీ అయిందని పొరబడుతూ అన్నా ఉండాలి. నేను వ్యాన్లలో చూసే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం రెండో రకమే.

ఫ్రిజ్ పొరబడటం అంటే ఏమిటో చెబుతాను. ఈ ఫ్రిజ్‌లలో బ్యాటరీ రక్షణ అనే ఏర్పాటు ఉంటుంది. సెకాప్ వారి బీడీ35 రకం కంప్రెసర్లలో (ఇవే అంతకుముందు డాన్‌ఫాస్ పేరుతో వచ్చేవి) కంట్రోలర్ మామూలు అమరికలో 10.4 వోల్టుల దగ్గర కంప్రెసర్‌ను ఆపి, 11.7 వోల్టులకు తిరిగి చేరాకే మళ్లీ ప్రారంభిస్తుంది. మిగతా తయారీదారుల అంకెలు కొంత అటూ ఇటూ ఉన్నా పద్ధతి అదే. అయితే కంట్రోలర్ చూసేది బ్యాటరీ పోస్టుల దగ్గరి వోల్టేజిని కాదు, తన టెర్మినళ్ల దగ్గరకు చేరిన వోల్టేజిని. మధ్యలో వైరు ఎంత తినేసిందో దానికి తెలిసే మార్గం లేదు.

మీరు రాసిన ప్రకారం బ్యాటరీ నుంచి ఫ్రిజ్‌కు 7 మీటర్ల దూరం, వాడినది 1.5 స్క్వేర్ ఎంఎం ఇంటి వైరు. కరెంటు వెళ్లి తిరిగి రావాలి కనుక లెక్కలోకి వచ్చేది 14 మీటర్లు. రాగికి మీటరుకు, ఒక స్క్వేర్ ఎంఎంకు 0.0172 ఓములు వేసుకుంటే మీ వైరు నిరోధం 0.16 ఓములు అవుతుంది. ఫ్రిజ్ 5 ఆంపియర్లు లాగినప్పుడు 0.8 వోల్టులు, కంప్రెసర్ ఎత్తుకునే క్షణంలో 8 ఆంపియర్లు లాగిందనుకుంటే దాదాపు 1.3 వోల్టులు ఆ వైరులోనే వేడిగా పోతాయి. సిగరెట్ లైటర్ సాకెట్టు, ఫ్యూజు హోల్డరు, స్విచ్చు కలిసి మరో 0.3, 0.4 తీసుకుంటాయి. రాత్రి కొంత వాడకం తరువాత బ్యాటరీ లోడు మీద 12.1 దగ్గర ఉందనుకోండి, ఫ్రిజ్ వద్దకు చేరేది 10.4. అంటే బ్యాటరీలో సగానికి పైగా ఛార్జి ఉండగానే కంప్రెసర్ ఆగిపోతుంది. ఆగగానే వైరులో కరెంటు ఉండదు కనుక ఫ్రిజ్ దగ్గర వోల్టేజి వెంటనే 12.1కి లేచి కూర్చుంటుంది. కంట్రోలర్ కొంతసేపు ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది, మళ్లీ పడిపోతుంది. మీరు లేచి ప్యానెల్ చూసే సమయానికి అక్కడ 12.1 కనిపిస్తుంది, లోపల పాలు మాత్రం విరిగి ఉంటాయి.

మినుకులను కూడా లెక్కపెట్టండి. బీడీ రకం కంట్రోలర్లలో కొద్ది క్షణాలకోసారి ఒక్క మినుకు వస్తే అది వోల్టేజి రక్షణ. రెండు వస్తే ఫ్యాను ఎక్కువ కరెంటు లాగుతోంది. మూడు వస్తే కంప్రెసర్ ప్రారంభం కాలేకపోతోంది, నాలుగు వస్తే కనీస వేగాన్ని నిలబెట్టుకోలేకపోతోంది, అయిదు వస్తే కంట్రోలర్ వేడెక్కి ఆగింది. ఒకటి కాకుండా మిగతావి కనిపిస్తే నేను పైన చెప్పినది మీకు వర్తించకపోవచ్చు. అయిదు మాత్రం మంచం కింద గాలి ఆడని పెట్టెలో బిగించిన ఫ్రిజ్‌లలో వేసవిలో తరచుగా చూస్తాను.

ఇక కొలవడం. ఫ్రిజ్ తనకు తోచినప్పుడు మొదలై తనకు తోచినప్పుడు ఆగుతుంది కనుక దానిమీద కొలతలు తీసుకోవడం విసుగు పుట్టిస్తుంది. నేను ఫ్రిజ్ ప్లగ్గు తీసేసి, దాని స్థానంలో 60/55 వాట్ల మామూలు హెడ్‌లైటు బల్బును, 55 వాట్ల ఫిలమెంటుతో కలుపుతాను. అది నాలుగున్నర ఆంపియర్ల వరకు స్థిరంగా లాగుతుంది, కాబట్టి ఫ్రిజ్‌కు చక్కని ప్రత్యామ్నాయం. బల్బు బాగా వేడెక్కుతుంది కనుక రెగ్జిన్‌కూ పరుపుకూ తగలకుండా ఒక ఇటుక మీదో స్టీలు పళ్లెంలోనో పెట్టండి. బల్బు వెలుగుతుండగా మొదట బ్యాటరీ పోస్టుల మీద, తరువాత బల్బు టెర్మినళ్ల మీద వోల్టేజి కొలవండి. రెండింటికీ తేడా 0.4 వోల్టులు దాటితే మీ ఫ్రిజ్‌కు నిద్ర పట్టనివ్వని దోషం ఆ వైరులోనే ఉన్నట్టు.

అక్కడితో ఆగవద్దు. ఆ తేడా ఎటువైపు పడిందో కూడా తెలియాలి. మీటరు వైరుకు ఒక పొడుగు వైరు అతికించి, ఒక కొసను బ్యాటరీ ప్లస్ పోస్టుకు, రెండో కొసను బల్బు ప్లస్‌కు ఆనించండి. మీటరు చూపేది ప్లస్ దారిలో పోయిన వోల్టేజి. అలాగే మైనస్ నుంచి మైనస్‌కు కొలవండి. ఈ రెండో కొలత చాలామంది తీసుకోరు. నా దగ్గరకు వచ్చిన ఒక వింగర్ వ్యానులో అంతకుముందే ఇద్దరు ప్లస్ వైరును ఒకరి తరువాత ఒకరు మందం పెంచి మార్చారు, అయినా ఫ్రిజ్ ఆగిపోతూనే ఉంది. కొలిస్తే ప్లస్ దారిలో 0.1 కూడా లేదు, మైనస్ దారిలో 0.7 ఉంది. ఫ్రిజ్ మైనస్‌ను వెనుక చక్రం గూడు పక్కన రంగు గీకకుండానే ఒక సన్నని స్క్రూతో రేకుకు బిగించారు. స్క్రూ విప్పితే దాని మరల్లో తప్ప ఇంకెక్కడా లోహం లోహాన్ని తాకిన గుర్తు లేదు, రింగు లగ్గు కింద ఫ్యాక్టరీ రంగు మెరుస్తూ అలాగే ఉంది. బాడీని మైనస్‌గా వాడుకోవడం లైట్లకు సరిపోతుంది. ఫ్రిజ్‌కు మాత్రం రెండు వైర్లూ నేరుగా బ్యాటరీ వరకు వెళ్లాలన్నది నా పట్టుదల.

సిగరెట్ లైటర్ సాకెట్టును కూడా ఈ సందర్భంలోనే తీసేయండి. ఆ ప్లగ్గును ఒకసారి బయటకు లాగి కొసను చూడండి. మధ్యలోని స్ప్రింగు పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, అంచు కొద్దిగా కరిగి లోపలికి వాలి ఉంటే, ఇన్నాళ్లూ కరెంటు ఎంత ఇరుకు దారిన వెళ్లిందో అదే చెబుతుంది. గతుకుల్లో ఆ స్ప్రింగు వదులవుతుంది, వదులైనచోట వేడి పుడుతుంది, వేడికి స్ప్రింగు మరింత మెత్తబడుతుంది. దాని బదులు ఈ-రిక్షాల ఛార్జర్లకు వాడే ఆండర్సన్ కనెక్టరు పెట్టుకోండి. ఎలక్ట్రికల్ దుకాణాల్లో సులభంగా దొరుకుతుంది, తొందరగా వదులవదు.

వైరు ఎంత మందం ఉండాలంటే, బీడీ కంప్రెసర్ల తయారీదారు ఇచ్చిన పట్టిక 12 వోల్టులకు ఇలా ఉంటుంది: 2.5 స్క్వేర్ ఎంఎం అయితే బ్యాటరీ నుంచి రెండున్నర మీటర్ల వరకు, 4 అయితే 4 మీటర్లు, 6 అయితే 6 మీటర్లు, 10 అయితే 10 మీటర్లు. మీ 7 మీటర్ల దూరానికి 10 స్క్వేర్ ఎంఎం వైరు, ప్లస్‌కూ మైనస్‌కూ రెండింటికీ, మధ్యలో అతుకు లేకుండా వేయించండి. అప్పుడు 5 ఆంపియర్ల వద్ద పోయేది 0.12 వోల్టులే. ఫ్యూజు 15 ఆంపియర్లది, బ్యాటరీ ప్లస్ పోస్టుకు జానెడు దూరంలో ఉండాలి. ఫ్రిజ్ దగ్గర పెట్టిన ఫ్యూజు ఫ్రిజ్‌ను కాపాడుతుందేమో కానీ, దారి మధ్యలో వైరు ఒరుసుకుపోయి బాడీకి తగిలితే మంచాన్ని కాపాడదు. లగ్గులను ప్లయరుతో నొక్కి సరిపెట్టనివ్వకండి, క్రింపింగ్ టూలు ఉన్నవారి చేతనే వేయించండి. మరో జాగ్రత్త: రాగి పూత పూసిన అల్యూమినియం వైరును రాగి వైరుగా అమ్మేవారున్నారు. ఒక పోగును బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. అది అదే మందం రాగికన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు నిరోధం చూపుతుంది, లగ్గు కింద కాలక్రమంలో వదులవుతుంది కూడా.

ఇప్పుడు సెల్ఫ్ అందుకోని ఉదయాల సంగతికి వస్తాను. ఇంజిను ఆపి పది నిమిషాలు ఆగి రెండు బ్యాటరీల మీద విడివిడిగా వోల్టేజి కొలవండి. రెండూ రెండో దశాంశం వరకు ఒకే అంకె చూపితే అనుమానించండి. తరువాత హెడ్‌లైట్లు వేసి అయిదు నిమిషాలు ఉంచండి. హెడ్‌లైట్లు ఇంజిను బ్యాటరీ మీదివి కనుక దానిది మాత్రమే తగ్గాలి. వెనుక బ్యాటరీది కూడా దానితో పాటు దిగుతూ ఉంటే మీ రిలే విడిపోవడం లేదు. అలాంటప్పుడు రాత్రంతా ఫ్రిజ్ రెండు బ్యాటరీలనూ కలిపి తాగుతోంది.

దీనికి రెండు కారణాలు సాధారణం. మొదటిది, రిలే కాయిల్‌కు (కరెంటు ఇస్తే రిలేను కలిపే లోపలి తీగచుట్టకు) ఇచ్చిన వైరును ఇగ్నిషన్‌తో పని లేకుండా ఎప్పుడూ కరెంటు ఉండే లైనుకు కలపడం. కాయిల్ ప్లస్ మీద ఇంజిను ఆపి తాళం తీసేశాక మీటరు పెడితే ఇది వెంటనే తేలిపోతుంది. రెండోది, కాయిల్‌కు కరెంటు లేకపోయినా రిలే లోపలి కాంటాక్టులు ఒకదానికొకటి అతుక్కుపోవడం. 30, 40 ఆంపియర్ల చిన్న హారన్ రిలేను ఈ పనికి వాడి, కాయిల్‌ను ఇగ్నిషన్‌కు కలిపినచోట ఇది ఎక్కువ. తాళం తిప్పగానే రిలే కలుస్తుంది, సెల్ఫ్ తిరిగేటప్పుడు స్టార్టరు లాగే వందలాది ఆంపియర్లలో ఒక వాటా వెనుక బ్యాటరీ నుంచి ఆ రిలే గుండానే పరుగెడుతుంది. తరువాత ఇంజిను నడవగానే, రాత్రంతా దిగిపోయిన వెనుక బ్యాటరీ ఒక్కసారిగా ఎదురు కరెంటు లాగుతుంది. కాయిల్‌ను ఇగ్నిషన్‌కు కాక, అల్టర్నేటరు (ఇంజిను తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే యంత్రం) ఛార్జింగ్ మొదలుపెట్టాకే కరెంటు వచ్చే డీ-ప్లస్ వైరుకు కలిపి, రిలేను 100 ఆంపియర్లకు పైబడినది వేయించుకుంటే ఈ బెడద ఉండదు. లేదంటే వోల్టేజిని తానే చూసుకొని 13.3 దగ్గర కలిసి 12.8 దగ్గర విడిపోయే రిలేలు దొరుకుతాయి, మీలాంటి పాత బండికి అవి కూడా బాగానే సరిపోతాయి. కొత్త బీఎస్6 బండ్లలో కొన్నింటి అల్టర్నేటర్లు ఇంధనం ఆదా కోసం తమ వోల్టేజిని తామే దించుకుంటాయి, వాటికి ఈ రిలేలు పనికిరావు, వచ్చే వోల్టేజిని వెనుక బ్యాటరీకి తగినట్టు మార్చి, కరెంటును అదుపులో ఉంచే డీసీ-డీసీ ఛార్జరు పెట్టాల్సిందే.

రిలే సరిగా విడిపోతున్నా ఇంజిను బ్యాటరీ దిగిపోతోందంటే, బండి నిద్రపోయాక ఎవరు మేలుకుని ఉన్నారో వెతకాలి. మల్టీమీటరును 10 ఆంపియర్ల స్థానంలో పెట్టి, ఇంజిను బ్యాటరీ మైనస్ పోస్టుకూ దాని వైరుకూ మధ్య కలపండి, అరగంట ఆగండి. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే ఫరవాలేదు, రోజుకు 1.2 ఏహెచ్ మాత్రమే. అంతకుమించితే ఒక్కొక్క ఫ్యూజే తీస్తూ ఏది తీసినప్పుడు తగ్గిందో చూడండి. పసుపు బోర్డు మీద తిరిగిన బండి అయితే ఏఐఎస్-140 ట్రాకరు (బండి ఎక్కడుందో పంపే పరికరం) ఇంకా లోపల ఉండి ఉండవచ్చు, డ్యాష్‌బోర్డు వెనుక చూడండి. మీటరు అలా కలిపి ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టవద్దు, మీటరు ఫ్యూజు ఆ క్షణమే పోతుంది.

వెనుక బ్యాటరీ వైపు నాకు ఎక్కువగా దొరికే దొంగ ఇన్వర్టరు. ఫోను ఛార్జింగ్ కోసం ఆన్ చేసి వదిలేసిన ఇన్వర్టరు, దానికి ఏమీ తగిలించకపోయినా ఒక ఆంపియరు వరకు లాగుతుంది. రోజుకు 24 ఏహెచ్. మామూలు రోజుల్లో ఫ్రిజ్ లాగేదానిలో అది సగం! ఫోన్లకు 12 వోల్టుల యూఎస్‌బీ సాకెట్లు పెట్టుకొని ఇన్వర్టరును అవసరమైనప్పుడే వేసుకోండి.

ఇవన్నీ సరిచేశాక బ్యాటరీని పరీక్షించండి, ముందు కాదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇంటర్నెట్‌లో కనిపించే పట్టికలు నిండు బ్యాటరీకి 12.7 ఉండాలంటాయి. అవి ఎక్కువ గాఢత గల ఆసిడ్ పోసిన బ్యాటరీలకు రాసినవి. మన వేడి వాతావరణం కోసం తయారయ్యే ట్యూబ్యులర్ బ్యాటరీల్లో నిండుగా ఉన్నప్పుడు హైడ్రోమీటరు (ఆసిడ్ సాంద్రతను కొలిచే గాజు గొట్టం) రీడింగు 1.240 దగ్గర ఉంటుంది. ఆ అంకెకు 0.84 కలిపి ఆరు సెల్లులతో గుణిస్తే విశ్రాంతి వోల్టేజి 12.5 వస్తుంది. కాబట్టి రాత్రంతా విశ్రాంతి తీసుకున్నాక మీ బ్యాటరీ 12.5 చూపితే దాన్ని తప్పుపట్టవద్దు. ఇంజిను ఆపిన వెంటనే చూపే 12.6ను మాత్రం నమ్మవద్దు, అది ప్లేట్ల పైపై ఛార్జి. ఇంట్లో ఛార్జరుతో పూర్తిగా నింపి, ప్రతి సెల్లులోనూ హైడ్రోమీటరు పెట్టి చూడండి. తరువాత అదే హెడ్‌లైటు బల్బును పది గంటలు వెలిగించి, తీసేసి, రెండు గంటలు ఆగి కొలవండి. 45 ఏహెచ్ పోయినా 12.2 కంటే తగ్గకపోతే బ్యాటరీ ఆరోగ్యంగానే ఉన్నట్టు. ఒక సెల్లు మాత్రం మిగతావాటికంటే బాగా తక్కువ చూపితే అప్పుడు నిజంగానే కొత్తది కొనాలి.

బ్యాటరీ బాగుండి కూడా నిండకపోవడం ఇంకొక విషయం. 150 ఏహెచ్ ట్యూబ్యులర్ బ్యాటరీ నెమ్మదిగా నిండే రకం, 15 ఆంపియర్ల చొప్పున తీసుకోవడం దానికి సుఖం. రెండు గంటల ప్రయాణంలో అల్టర్నేటరు నుంచి దానికి దక్కేది 20, 30 ఏహెచ్ మించదు, ముందు నుంచి వెనక్కి వచ్చిన ఛార్జింగ్ వైరు కూడా సన్ననిదైతే అందులో సగమే. మారేడుమిల్లి వెళ్లి రెండు రోజులు కదలకుండా ఉండాలనుకుంటే పైకప్పు మీద సోలార్ ప్యానెల్ తప్పదు. 100 వాట్ల ప్యానెల్ ఎండ బాగున్న రోజున 25 ఏహెచ్ పైచిలుకు ఇస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఫ్రిజ్ దాదాపు ఆగకుండా తిరుగుతుంది కనుక 200 వాట్లు పెట్టుకుంటే నిశ్చింత. మంచం కింద ఫ్రిజ్ ఉన్న పెట్టెకు అడుగున ఒక జాలీ, పైన ఒక జాలీ కోయించి వేడిగాలి బయటకు పోయేట్టు చేస్తే ఆ తిరగడం కూడా బాగా తగ్గుతుంది.

మరొకటి అడగకపోయినా చెప్పాలి. ట్యూబ్యులర్ బ్యాటరీ ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. మీరు పడుకునే చోటే అది ఉంది. మూత ఉన్న పెట్టెలో పెట్టి, పెట్టె పై అంచు నుంచి ఒక గొట్టాన్ని బండి బయటకు తీయించండి. ఘాట్ రోడ్ల మలుపుల్లో ఆసిడ్ ఒలకకుండా పెట్టెను నేలకు బోల్టులతో బిగించాలి కూడా. దీన్ని తప్పించుకోవడానికి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి మారాలనుకుంటే మంచిదే, అయితే దాన్ని కేవలం రిలేతో అల్టర్నేటరుకు కలపవద్దు. అది అడ్డూ అదుపూ లేకుండా కరెంటు లాగి అల్టర్నేటరును వేడెక్కిస్తుంది. దానికి డీసీ-డీసీ ఛార్జరు ఉండాలి.

ట్రావెలర్ 12 వోల్టుల బండి కనుక ఈ చివరి మాట మీకు వర్తించదు, మినీబస్సును క్యాంపర్‌గా మార్చుకున్నవారి కోసం రాస్తున్నాను. వాటిలో చాలావరకు రెండు బ్యాటరీలను వరుసగా కలిపిన 24 వోల్టుల ఏర్పాటు ఉంటుంది. 12 వోల్టుల సామాను నడపడానికి ఆ రెండింటిలో ఒకదాని మీద నుంచి వైరు లాగేవారున్నారు. అలా చేస్తే ఆ ఒక్కటి ఎప్పటికీ నిండదు, రెండోది అవసరానికి మించి ఛార్జి అయి నీళ్లు ఆవిరైపోతాయి, చివరకు రెండూ పాడవుతాయి. ఫ్రిజ్ కంప్రెసర్ బీడీ రకానిదైతే అంత అవస్థ కూడా అక్కరలేదు. దాని కంట్రోలర్ 12, 24 వోల్టులను రెండింటినీ తానే గుర్తిస్తుంది. నేరుగా 24కు కలిపి, ఫ్యూజును 7.5 ఆంపియర్లకు మార్చండి. కరెంటు సగమవుతుంది కనుక పైన ఇచ్చిన పట్టికలో ప్రతి మందానికీ దూరం రెట్టింపు వేసుకోవచ్చు.